ఏ ఊరి నీళ్లు తాగినవే

శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు
చండూరు దాటినంక మూడు ఊర్లల్ల
నా ఫోను ఆగకుండ మోగుతాందంటే
కేబులు తెగిందని కాదు,
దయ్యం రాలేదని.

"అన్నా, ఆరో మెట్టు వస్తలేదే!"
పిల్లల సీరియలు అది. పిల్లలే దయ్యాన్ని పడతరు.
వాళ్లకొక బంగ్లా, బంగ్లాల గుండ్రంగ తిరిగే మెట్లు,
తెల్లటి కాళ్లకు తెల్లటి మేజోళ్లు.
పుస్తకం చదివినట్టు మాట్లాడతరు.
దయ్యం ఒక్కటే మన లెక్క మాట్లాడతది:
"యాడికి ఉరుకుతున్నర్రా, నిలవడుండ్రి!"
మెట్లున్న ఇల్లే లేని వాడకట్టుల
మా పోరగాండ్లకు గా మాటంటే బుగులు, నవ్వు, రెండూ.
డబ్బింగు చెప్పినామె ఎవరోగాని
నకిరేకల్ దిక్కుదే అయ్యుంటది.
హీరోలకు ఆమె గొంతు పనికిరాలేదేమో.

ఆ రాత్రి గాలివాన.
లోహిత్‌గాళ్ల ఇంటి ముందటి స్తంభం మీద వైరు ఊడింది.
టార్చిలైటు నోట్లె కరుచుకొని ఎక్కిన.
కిందికెల్లి అక్షిత ఒకటే లొల్లి:
"వచ్చింది! పోయింది! మల్ల వచ్చింది!"
దిగినంక, బురద కాళ్లతోటే
గడప కాడ నిలబడ్డ, బొమ్మ సాఫుగ ఉన్నదా అని.

తొమ్మిది మంది పిల్లలు, ఒక్క దుప్పటి.
తెర మీద మెట్టు కిర్రుమన్నది.
ముందుగాల మోకాళ్లు దిగినయి,
లోపలికి వంగి, ఒకదానికొకటి రాసుకుంట.
తర్వాత నడుము.
తర్వాత మెడ. ఆ మెడ తిరగదు.
పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాలె.
అట్ల మొత్తం తిరిగి, మా దిక్కు చూసి
పళ్లు బయటపెట్టింది.
పచ్చటి పళ్లు, గోధుమరంగు గీతలు.

పిల్లలు కెవ్వుమన్నరు.
నేను నోరు మూసుకున్న.
పెండ్లి ఫోటోల గూడ నేను నోరు మూసుకునే నవ్విన.

లోహిత్ ఒక్కడు అరవలే.
వెనుకకు చూసిండు.
గోడకానిచ్చిన నులక మంచం మీద
వాళ్ల పెద్దమ్మ ఈదమ్మ.
గవే మోకాళ్లు. గదే నడుము. గదే మెడ.
ఒకరెనుక ఒకరు తొమ్మిది తలకాయలు తిరిగినయి.
టీవీని చూసినయి, మంచాన్ని చూసినయి,
మల్ల టీవీని.
రిమోటు ఎవరి చేతుల ఉన్నదో గాని
ఎవరూ నొక్కలే.

ఈదమ్మ మనిషి మొత్తం తిరిగింది తెర దిక్కు.
చానసేపు చూసింది.
"అయ్యో బిడ్డా," అన్నది దయ్యంతోటి,
"ఏ ఊరి నీళ్లు తాగినవే నువ్వు?"
ఇంకింతసేపాగి,
"మెట్లు దిగనీకి పానం పోతాంటది దానికి.
అంతమంది పోరగాండ్లున్నరు,
ఒక్కడన్న చెయ్యియ్యడేంది?"

గంతల అడ్వర్టయిజుమెంటు వచ్చింది,
పళ్లు తెల్లగ చేసే పేస్టుది.

బండి మీద పోతాంటె ఒకటే ఆలోచన.
ఆ మోకాళ్లు గట్ల వంచనీకి
మేకప్పు మనిషికి నాలుగు గంటలు పట్టిందేమో.
మాకు ఒక బోరింగు చాలింది, కొన్ని ఎండకాలాలు.
బడి ముందటి బోరింగు మీద
ఎవరూ ఒక్క ఎపిసోడు తియ్యలే.
అసలు దయ్యం అండ్లనే ఉండె.
దానికి వాసన లేకుండె, రంగు లేకుండె.
ఎండల ఉరికొచ్చి తాగితే
సల్లగ, తియ్యగ ఉండె.

నెల తిరిగినంక బిల్లుకు పోతే
వాకిట్ల పిల్లలు ఆరో మెట్టు ఆడుతున్నరు.
మెట్లకు బదులు సిమెంటు ఇటుకలు.
ఎప్పుడాడినా రవళినే దయ్యం చేస్తుండిరి,
నల్లగుంటదని, ఊరి చివరికెల్లి వస్తదని.
ఈసారి లోహిత్ దయ్యం.
వాడు నడుస్తాంటె నా ఒళ్లు జలదరించింది.
పెద్దమ్మ చెయ్యి పట్టుకొని రోజూ దొడ్డికి తీస్కపోయే పిల్లగాడు,
ఏ అడుగు యాడ నొస్తదో వానికి తెలుసు.
మంచం మీదికెల్లి ఈదమ్మ కేకేస్తాంది:
"అట్ల గాదుర! మోకాలు ఇంకింత లోపలికి!
ఆఁ, ఇప్పుడు మూలుగు!"
నవ్వుతాంది, పళ్లన్నీ కనపడంగ.
పట్టుకోవాల్సిన పిల్లలు
ప్లాస్టిక్కు కుర్చీ తెచ్చి దయ్యం ముందట ఏసిండ్రు.

రవళి మాత్రం అలిగి గోడ పొంటి కూసున్నది.
"ఇన్నొద్దులు నేనే చేసిన.
గప్పుడు రాళ్లేసిండ్రు.
గిప్పుడు కుర్చేసే టైముకు
మీరే గుంజుకుంటరా?"